అట్టమీది అక్షరము

కొన్ని ఇండ్లలో పెండ్లిచీరల అడుగునో, దస్తావేజుల సరసనో ఒక చిన్న పెట్టె ఉండును. అందులో రెండంగుళముల చదరపు అట్టముక్కలు వరుసగా పేర్చి ఉండును. ఒక్కొక్క అట్ట నడుమ ఒక చిన్న కిటికీ; ఆ కిటికీలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిలిము తునక. చేతిలో పెట్టుకొని చూచినచో నల్లని మరకవలె తోచును. వెలుతురునకు ఎత్తి పట్టినచో పెండ్లిపందిరి కనబడును, పచ్చని తోరణము కనబడును, పీటలమీది వధువు సిగ్గు కూడ కనబడును. స్లైడు అనునది ఇదియే. ఈ స్లైడులను యంత్రముచేత చదివించి, కంప్యూటరులో నిలువజేయు చిత్రములుగా మార్చి ఇచ్చు స్కానింగు సంస్థలు నేడు అనేకము కలవు. పాత పెట్టెలు తెరచి వానికి అప్పగించుచున్న కుటుంబములును అనేకము. ఇది సంతోషింపదగిన విషయము. అయితే ఈ సంతోషము చాటున ఒక నష్టము కూడ జరిగిపోవుచున్నది. దానిని గూర్చి పెద్దలు, పిల్లలు, ముఖ్యముగా ఉపాధ్యాయులు ఆలోచింపవలసి ఉన్నది.

కోడాక్రోము అను రంగుల ఫిలిము 1935లో చలనచిత్రములకును, 1936లో ఫోటో కెమేరాలకును వచ్చినది. తెలుగునాట రంగుల స్లైడు సామాన్యుని సొత్తు కాలేదు; ఇక్కడి కుటుంబములకు చాలకాలము నలుపు తెలుపు ఫోటోయే దిక్కు. అమెరికా ప్రభుత్వము 1965లో వలస చట్టమును సవరించిన పిమ్మట వైద్యులుగను, ఇంజనీర్లుగను, విద్యార్థులుగను సముద్రము దాటిన తెలుగువారిలో పలువురి చేతికి అక్కడ ఈ ఫిలిము వచ్చినది. అక్కడి మంచును ఇక్కడి తల్లికి చూపుటకును, ఇక్కడి తల్లిని అక్కడి పిల్లలకు చూపుటకును స్లైడు సాధనమైనది. గోడకు తెల్లని దుప్పటి కట్టి, దీపములార్పి, ప్రొజెక్టరు వెలిగించినప్పుడు ఇరుగుపొరుగు పిల్లలందరును నేలమీద చేరి నయాగరా జలపాతమును చూచిన రాత్రులు నేటి వృద్ధులలో కొందరికి ఇంకను జ్ఞాపకమే.

ఆ రాత్రులు మరల రావు. కోడాక్ సంస్థ స్లైడు ప్రొజెక్టర్ల తయారీని 2004లో ఆపినది. కోడాక్రోము తయారీని విరమించుచున్నట్లు 2009లో ప్రకటించినది. ఆ ఫిలిమును కడుగు చివరి ప్రయోగశాల అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున పార్సన్స్ అను చిన్న ఊరిలో ఉండెను. 2010 డిసెంబరు చివరితో అదియును కొత్త చుట్టలు స్వీకరించుట మానినది. ఇండ్లలో మిగిలిన ప్రొజెక్టర్లకు బల్బు దొరకుట కష్టము. చిత్రము నిలిచియున్నను చూచు సాధనము పోయినది.

ఫిలిము కూడ చిరంజీవి కాదు. చీకటిలో, పొడిచోట దాచిన కోడాక్రోము రంగులు దశాబ్దములపాటు నిలుచును గాని, ప్రొజెక్టరు వెలుగులో మాటిమాటికి పెట్టినచో త్వరగా వెలిసిపోవును. పాత ఎక్టాక్రోము స్లైడులు చీకటిలో ఉన్నను రంగు మారి ఊదాఛాయ గల ఎరుపునకు తిరుగును. తేమ గలచోట ఫిలిముపైని జెలటిన్ పొర బూజునకు ఆహారమగును. బూజు తిన్న పొర నీటికి కరిగిపోవచ్చును గనుక తడిగుడ్డతో తుడుచుట చిత్రమును చేజేతుల చెరపుటయే. కావున యంత్రమునకు అప్పగించుట అవసరమే. అంగుళమునకు 4000 చుక్కల చొప్పున చదివిన స్లైడు సుమారు 2 కోట్ల 10 లక్షల చుక్కల చిత్రమగును; గోడంత పెంచి చూచుకొనుటకు అది చాలును. ఈ శతాబ్దపు తొలి దశాబ్దములోనే అమెరికాలో సేకరించిన స్లైడులను బెంగుళూరునకు పంపి ఇక్కడి పనివారిచేత స్కాను చేయించిన ఏర్పాటును ఉండెను. వారి ఓపికను, నైపుణ్యమును తక్కువ చేయరాదు.

మరి నష్టమెక్కడ? యంత్రము చదువునది అట్ట నడుమనున్న కిటికీని మాత్రమే. అట్టను అది చదువదు. ఆ అట్టమీదనే ఒక తండ్రి పెన్సిలుతో "అమ్మ, తిరుపతి మెట్లు" అని వ్రాసి ఉండును. ఆ అట్టమీదనే ప్రయోగశాలవారు ఫిలిము కడిగిన నెలను, సంవత్సరమును ముద్రించి ఉండవచ్చును. కోరినచో అట్టను కూడ చిత్రించి ఇచ్చువారు లేకపోలేదు. కోరనిచో సాధారణముగా ఇయ్యరు. తిరిగి వచ్చిన చిత్రములకు పేర్లు ఉండవు, అంకెలుండును. ఫైలుకు పుట్టినతేది స్కాను చేసిన దినమగును. 1968లో జరిగిన పెండ్లి ఈ సంవత్సరపు పెండ్లియై కంప్యూటరులో కూర్చుండును. ఇక అట్టలతో పనియేమి అని పెట్టెను చెత్తలో వేసిన దినమున ఆ చిత్రములోని మనుష్యులు తమ ఇంటిలోనే అపరిచితులగుదురు. ముఖము మిగులును, మనిషి పోవును.

పేరు వ్రాసిపెట్టుటలోని బలము ఎట్టిదో ఒక ఉదాహరణము చాటును. 1940లో అమెరికా ప్రభుత్వ సంస్థయైన ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ పక్షమున రస్సెల్ లీ అను ఛాయాచిత్రకారుడు న్యూమెక్సికోలోని పై టౌన్ అను పల్లెకు పోయి అక్కడి బీద రైతులను కోడాక్రోము ఫిలిముపై చిత్రించినాడు. వారిలో జాక్ వైనరీ అను రైతు భార్యాబిడ్డలతో కూడ ఉన్నాడు. అతడు రాజు కాడు, సేనాని కాడు. అయినను చిత్రముతోపాటు పేరు, ఊరు, వృత్తి వ్రాసిపెట్టుటచేత ఎనుబది ఏండ్లు దాటినను అతడు పేరుగల మనిషిగా నిలిచియున్నాడు. ఆ కాలపు రంగుల చిత్రములను సుమారు 1600 వరకు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008లో ఇంటర్నెట్టున ప్రజల ముందుంచినది. చూచినవారు స్థలములను గుర్తించి, తప్పులను దిద్ది వ్రాయగా, గ్రంథాలయమువారు పరిశీలించి పలు వివరములను తమ పట్టికలో చేర్చుకొనిరి. ఒక దేశపు గ్రంథాలయమే పదిమందిని అడిగి తెలిసికొన్నప్పుడు, ఒక ఇంటివారు తమ అమ్మమ్మను అడుగుటకు జాగు చేయనేల?

ముఖములను పోల్చగల యంత్రములు నేడు వచ్చినవి గదా అని కొందరనవచ్చును. ఈ ముఖము, ఆ ముఖము ఒకరివే అని యంత్రము చెప్పగలదు; ఎవరును చెప్పని పేరును అది చెప్పలేదు. తెలుగు కుటుంబములలో పేరొక్కటియే చాలదు కూడ. తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారమైన ఇంటిలో ఒకే పేరు గలవారు నలుగురుందురు. ఇంటిపేరు, ఊరు, వరుస వ్రాసినగాని మనిషి తేలడు. విదేశములో పెరిగిన బిడ్డ "అంకుల్" అని వ్రాసిపెట్టినచో ఆయన పెదనాన్నయో, బాబాయియో, మేనమామయో ఆ మాట చెప్పదు. మేనమామ అని వ్రాసినచో ఆయన తల్లికి తోబుట్టువని ఒక్క మాటలో తెలియును. మన వరుసల మాటలలోనే వంశవృక్షము ఇమిడియున్నది.

కావున పెట్టెను అప్పగించుటకు ముందు చేయవలసిన పని కొంత కలదు. స్లైడులను లెక్కించి ప్రతి అట్టపైని పెన్సిలుతో వరుస అంకె వేయవలెను. అట్ట రెండు ముఖములను చేతిఫోనుతోనైనను చిత్రించి ఉంచుకొనవలెను. ఫిలిము పేరు తరచుగా అట్టమీదనే ఉండును; దానిని స్కాను చేయువారికి చెప్పవలెను. ఏలయనగా ధూళిని పరారుణ కిరణములతో పసికట్టి తొలగించు పద్ధతి ఇతర రంగుల ఫిలిములకు చక్కగా పనిచేసినను కోడాక్రోమునకు సరిపడకపోవచ్చును. పెట్టె నంతను ఒకేసారి పంపక, మొదట ఇరువది స్లైడులు పంపి ఫలితము చూచుట వివేకము.

చిత్రములు తిరిగి వచ్చిన పిదప వానిని పరీక్షింపవలెను. స్లైడు తిరగబడి స్కాను అయినచో ఎడమ భుజముపై ఉండవలసిన పైట కుడి భుజమునకు మారును, అంగడిమీది అక్షరములు అద్దములోవలె కనబడును. ప్రతి చిత్రపు ఫైలులో వివరము వ్రాసికొను చోటు కలదు. అట్టమీది మాటలను అందులో చేర్చవలెను. అట్టపై ముద్రించిన నెల ఫిలిము కడిగిన నెల గాని చిత్రము తీసిన నెల కాదని గుర్తుంచుకొనవలెను. ప్రతులు మూడుండవలెను, వానిలో ఒకటి వేరొక ఊరిలోని బంధువు ఇంట ఉండుట మేలు. అన్నిటికిని మించి, అసలు స్లైడులను పారవేయరాదు. ఫిలిమును చూచుటకు కన్ను, వెలుతురు చాలును. ఫైలును చూచుటకు ఆ కాలపు యంత్రము ఉండవలెను.

ఈ పనిలో ఉపాధ్యాయులకును విద్యార్థులకును తగిన చోటు కలదు. సెలవులలో విద్యార్థి తన ఇంటి పాత చిత్రములు పది తీసికొని, అవ్వ పక్కన కూర్చుండి, "ఈమె ఎవరు అమ్మమ్మా? ఇది ఏ ఊరు? అప్పుడు నీ వయసెంత?" అని అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావచ్చును. స్లైడులు లేని ఇంటిలో ఫోటోలుండును. వాని వెనుకతట్టే అట్టగా ఎంచవచ్చును. చరిత్రకు ఆధారము కావలెనని, ఆధారమునకు తేదియు స్థలమును కావలెనని పాఠమున చెప్పిన మాట ఆ పిల్లవానికి అప్పుడు స్వానుభవమగును. కొన్ని చిత్రములు పెద్దలకు దుఃఖము కలిగించును. పోయిన బిడ్డ, విడిపోయిన సోదరుడు అందులో ఉండవచ్చును. అట్టిచోట బలవంతపెట్టక మౌనము వహించుటయును, ఇంటి విషయమును ఇంటివారి అనుమతి లేక తరగతిలో చదువకుండుటయును ఉపాధ్యాయుడు నేర్పదగిన సంస్కారమే.

యంత్రమునకు తొందర లేదు. స్లైడును ఈ ఏడు కాకున్న మరుసటి ఏడు స్కాను చేయవచ్చును. ఆ పందిరిలో నిలుచున్నవారి పేర్లెరిగిన వృద్ధురాలు మరుసటి ఏడు ఉండునో లేదో ఎవరును చెప్పలేరు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలన్నారు. స్లైడును వెలిగించు దీపము ప్రొజెక్టరులోనిది కాదు. పెద్దల జ్ఞాపకమే ఆ దీపము. అది వెలుగుచుండగనే ప్రతి ఇంటిలో ఒక బిడ్డ పెన్సిలు చేతబట్టి కూర్చుండును గాక.