పిన్నిగారి మనవడు

ఈ నెల వేరే విషయం వ్రాయాలనుకున్నాము. కాని మన సంఘంలో అందరమూ పిన్నిగారని పిలుచుకునే పెద్దావిడ ఒక సాయంత్రం మా యింటికి వచ్చి, ఇంకా కూర్చోకుండానే, "నాయనా, 18 ఏళ్ల పసివాణ్ణి రెండేళ్లపాటు దేశం కాని దేశం పంపుతారట. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రానివ్వరట. ఇదెక్కడి చోద్యం?" అన్నారు. దానితో అనుకున్నది పక్కకు పెట్టవలసి వచ్చింది.

పిన్నిగారిది మూడు తరాలుగా బీదరులో స్థిరపడిన తెలుగు మెథడిస్టు కుటుంబం. కూతుర్ని హైదరాబాదు ఇచ్చారు. అల్లుడిగారి తరఫువారు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే లోకం మార్మన్లని పిలిచేవారిలో, చేరి చాలా కాలమైంది. ఆ సంఘంలో మగపిల్లలు 18 నిండిన తర్వాత రెండేళ్లు మిషనరీ సేవకు వెళ్లడం ఆనవాయితీ. 2012కు ముందు 19 నిండాలనేవారు. ఆడపిల్లలూ వెడతారు, వారికి 18 నెలలు. జీతం మాట లేదు. పైపెచ్చు, చేతనైనంతవరకు ఖర్చు ఇంటివారే భరించాలి. ఏ దేశానికి పంపేదీ సంఘం పెద్దలు నిర్ణయిస్తారు. పిల్లవాడు ఫలానా ఊరు కావాలని కోరడానికి వీల్లేదు.

హైదరాబాదులో ఈ సంఘం తెలుగు ఇళ్లలోకి వచ్చిన కథ కొంచెం విచిత్రమైనది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా ఇందులో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. వారి బంధువర్గంలోనే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీగారి తండ్రి వేరే సంఘపు పాదిరీ అయి ఉండి కూడా మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసి పెట్టారు. మతం సంగతి ఎలా ఉన్నా, అల్లుడి నమ్మకం కోసం మామగారు అంత చాకిరీ చేయడం మన దేశంలో విశేషమే! 2012లో హైదరాబాదు చుట్టుపట్ల శాఖలన్నిటినీ కలిపి ఒక స్టేక్ ఏర్పరచారు. భారతదేశంలో అదే వారికి మొదటిది.

ఇక మన పిల్లవాడి సంగతి. అతనికి ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని శిక్షణ కేంద్రానికి వెళ్లమని పిలుపు వచ్చింది. 1983 నుండి నడుస్తున్న కేంద్రమది. అయితే మొదటి వారం శిక్షణ ఇంట్లోనే. 2020లో కరోనా వచ్చినప్పుడు కేంద్రాలు మూసి పాఠాలు కంప్యూటర్ల మీద చెప్పారు. ఆ అలవాటు కొంత నిలిచిపోయింది. సాగనంపడానికి హైదరాబాదు వెళ్లిన పిన్నిగారు ఆ వారం రోజులూ చూశారు. పిల్లవాడు పొద్దుటే స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, టై కట్టుకుని, తన గదిలోనే తాను కూర్చుంటాడు. తెర మీద తోటి పిల్లలు, గురువులు. ఈవిడ అలవాటు కొద్దీ టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లారు. వారికి టీ, కాఫీలు నిషిద్ధమన్న సంగతి అక్కడ గుర్తుకు వచ్చి వెనక్కి తిరిగారు. "ఎన్ని సముద్రాల అవతలివాళ్లో వాడి ఎదుట ఉన్నారు నాయనా. గుమ్మంలో నిలబడ్డ నేనే దూరమైపోయాను" అన్నారు మాతో.

మనీలా చేరిన తర్వాత దినచర్య ఇంకా గట్టిది. ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. సినిమా లేదు. జతగాడని ఒకణ్ణి ముడిపెడతారు. ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా కలిసే వెళ్లాలి. చొక్కా జేబు మీద నల్లని పేరు బిళ్ల. పేరుకు ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. ఎల్డరంటే పెద్ద! నిన్నటిదాకా అమ్మ చేత తలకు నూనె రాయించుకున్నవాడు నేడు పెద్ద. రోజంతా గ్రంథపఠనం, ప్రార్థన, తమ నమ్మకాన్ని ఎదుటివారికి ఎలా చెప్పాలో సాధన. గురువులే ఏమీ తెలియనివారిలా కూర్చుని ప్రశ్నలు వేస్తారట. మాటలు తడబడి, చమటలు పట్టి, మొదటి వారంలో ఏడ్చే పిల్లలు లేకపోలేదు. వారానికొక రోజు బట్టలు ఉతుక్కోవడానికీ ఉత్తరాలకూ విడుపు. నెలకొక ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ భోజనం ఖరీదు బీదలకు ఇస్తారు. ఈ మాట విన్నప్పుడు మాత్రం పిన్నిగారు, "పోనీలే, అది మంచిదే" అన్నారు. అక్కడ అన్నానికి లోటు లేదు; ఫిలిప్పీన్స్ వారూ మనలా వరి తినేవారే. అయినా ఆవకాయ సీసా పెట్టెలోకి వెళ్లనే వెళ్లింది.

ఇల్లు విడిచి చదువుకునే పిల్లలు బీదరుకు కొత్త కాదు. 1963 నుండి ఇక్కడ వైమానిక దళ స్థావరం ఉన్నది. 2008 నుండి హాక్ విమానాల మీద యుద్ధ వైమానికులకు శిక్షణ ఇస్తున్నారు. మన ఇళ్లలో పొద్దుటే గిన్నెలు అదిరేది ఏ తల్లి కన్న బిడ్డ ఎగరడం నేర్చుకుంటుంటేనో! దానికీ ముందు, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ఉన్నది కదా. మూడంతస్తులు, గ్రంథాలయం, గురువులకూ శిష్యులకూ గదులు. గవాన్ కూడా స్వస్థలం విడిచి పర్షియాలోని గీలాన్ నుండి వచ్చినవాడే. ఆయన లేఖలు నేటికీ గ్రంథంగా ఉన్నాయి. కొడుకులకు వ్రాసినవి కూడా అందులో ఉన్నాయి. అంతటి లేఖకుణ్ణి 1481లో ఒక దొంగ ఉత్తరం నమ్మి సుల్తాను చంపించాడు. 1696లో మందుగుండు పేలి మదరసా సగం కూలింది. మిగిలిన గదుల ముందు నడిచేటప్పుడల్లా, ఇక్కడున్న కుర్రవాడు ఇంటి కబురు కోసం ఎన్ని నెలలు ఎదురుచూశాడో అనుకుంటాము.

అసలు చిక్కు పిన్నిగారిది కాదు, బాబాయిగారిది. ఆయనకు 84 ఏళ్లు. గుండె జబ్బు. రెండేళ్ల తర్వాత మనవణ్ణి చూస్తానన్న ధీమా లేదు. ఆయన ఒక్కమాట అంటే పిల్లవాడు ఆగిపోయేవాడే. కూతురు లోలోపల ఆ మాట కోసమే చూసింది. మేమూ, నిజం చెప్పాలంటే, ఆయన ఆపితే బాగుండుననే అనుకున్నాము. మతసేవ ఇంటి దగ్గర చేయకూడదా అని వాదించాము కూడా.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి తన సంగతి చెప్పారు. 1956లో జిల్లా ముక్కలై జహీరాబాదు అటు, మనం ఇటు అయిన రోజుల తర్వాత, ఆయన చదువుకోసం హైదరాబాదులో ఉండేవారట. ఉభయకుశలోపరి అని తల్లికి కార్డు వ్రాసి డబ్బాలో వేశారు. ఆ కార్డు ఇల్లు చేరేసరికి ఆవిడ పోయి రెండు రోజులైంది. "అలాగని నా చదువు మానివేయవలసిందంటారా? మా అమ్మ ఒప్పుకునేది కాదు" అన్నారు. మేము ఊరుకున్నాము.

పిల్లవాడు వెళ్లాడు. ఒకప్పుడు ఈ మిషనరీలు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మసుకూ మాతృదినానికీ, ఇంటికి ఫోను చేయాలన్న నియమం ఉండేది. 2019 ఫిబ్రవరి నుండి వారానికొకసారి మాట్లాడవచ్చునన్నారు. ఆ నియమం సడలించినవారెవరోగాని, వారికి బీదరులో ఒక ముసలి దంపతుల దండాలు అందుతూనే ఉన్నాయి.

మనీలా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. పిన్నిగారికి ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తున్నది. "వాడు లేచే వేళైంది" అని లేచి కూర్చుంటారు.

మొదటి ఫోను వచ్చిన రోజున మేము వారింట్లోనే ఉన్నాము. హైదరాబాదు నుండి కూతురు కూడా అదే ఫోనులో కలిపింది. తెర మీద పిల్లవాడు కాస్త చిక్కినట్టున్నాడు. జతగాణ్ణి చూపించాడు, మనీలావాడు, నవ్వుమొహం. ఆవకాయ అతనికి నచ్చిందట, కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిన్నాడట. బాబాయిగారికి చెవులు మందం. పిన్నిగారు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టారు. దానితో ఆయనకు మొహం కనబడక, మనవడికి తాతగారి చెవి తప్ప మరేమీ కనబడక, అందరమూ నవ్వుతున్నాము. ఆయన మాత్రం నవ్వలేదు. గొంతు పెద్దది చేసి, "తిన్నావురా?" అని అడిగారు. "తిన్నాను తాతయ్యా" అన్నాడు వాడు. వినబడలేదు కాబోలు, మళ్లీ అడిగారు.