జ్వరం తగ్గినంత మాత్రాన మందు మానవచ్చునా?

మందులు వేడి చేస్తాయన్న భయం మన ఇళ్ళలో ఎంత బలమైనదో మా చెల్లెలి ఇంట నాకు అనుభవమైంది. ఆమె కుమారునికి తొమ్మిదేళ్ళు. ఒకనాడు తీవ్రజ్వరం వచ్చి, మోకాలి పైభాగాన భరింపరాని నొప్పితో కాలు కదపలేకపోయాడు. ఆటలో తగిలిన దెబ్బ అనుకొని రెండు రోజులు వావిలాకు కాపడం పెట్టి, తైలమర్దనం చేశారు. ఆసుపత్రికి చేర్చేసరికే ఎముకలో చీము పట్టింది. శస్త్రచికిత్స చేసి చీము తీశారు. కొన్నాళ్ళు సూదిమందులు, అటుపై ఇంటివద్ద మాత్రలు.

పదవ రోజుకు జ్వరం లేదు. "అన్నయ్యా, ఇన్ని మాత్రలు మింగితే పిల్లవాడికి వేడి చేస్తుంది, ఇక చాలు కదా?" అన్నది చెల్లెలు. ఆయుర్వేదాభిమానినైన నేను అడ్డు చెప్పలేదు. మూడు వారాలకు వాపు తిరగబెట్టింది. రెండవసారి శస్త్రచికిత్స తప్పలేదు. ఆ తప్పులో నాకూ భాగముంది గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వ్యాధిశేషం ఉంచరాదని పెద్దలు ఊరకే అనలేదు. ఈ వ్యాధిని తరచుగా కలిగించే స్టెఫైలోకాకస్ క్రిమి రక్తప్రసారం తగ్గిన ఎముక భాగాలలో దాగి ఉండగలదు. జ్వరం తగ్గడం మందు పనిచేస్తున్నదనడానికి గుర్తే గాని, క్రిమి నశించిందనడానికి కాదు.

మరి ఎన్నాళ్ళు వాడాలి? ఒకప్పుడు వారాల తరబడి సూదిమందులే శరణ్యమనేవారు. ఆ పట్టు ఇప్పుడు సడలింది. ఫిన్లాండు వైద్యులు 2010లో ప్రకటించిన పరిశీలనలో, త్వరగా కోలుకొంటున్న పిల్లలకు 20 రోజుల చికిత్స 30 రోజుల చికిత్సకు తీసిపోలేదు. అందులో సూదిమందు తొలి కొద్ది రోజులే. పెద్దల వెన్నెముక వ్యాధికి 6 వారాలు చాలునని 2015లో ఫ్రాన్సు పరిశీలన తేల్చింది. అదే ఫ్రాన్సులో 2021లో, కృత్రిమ కీళ్ళు అమర్చినవారికి 6 వారాలు చాలలేదని, 12 వారాలే మేలని తేలింది. కనుక పొరుగింటివారి గడువు మనకు కొలబద్ద కాదు. చీము పూర్తిగా పోయిందా, ఏ క్రిమి, లోపల లోహమున్నదా, రక్తంలో సి.ఆర్.పి. తగ్గుతున్నదా అన్నవి చూసి వైద్యుడు నిర్ణయించవలసినది అది. అవసరానికి మించి సాగదీయడమూ మేలు కాదు. విరేచనాలు పట్టుకొంటాయి, క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. వికారం కలిగితే మందు మార్చమని అడగవచ్చు. మనంతట మనం మానరాదు.

ఇదంతా మన శాస్త్రానికి విరుద్ధమని కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. ఎముక మజ్జలో పుట్టే విద్రధిని సుశ్రుతుడే వర్ణించాడు; పక్వమైన చీమును ఉపేక్షించే వైద్యుని తీవ్రంగా నిందించాడు. వావిలాకు కాపడం వాతపు నొప్పులకు పెట్టుకోండి, కాదనను. జ్వరంతో పాటు ఎముక వద్దగాని, కీలు వద్దగాని వాచి కాలుతుంటే మాత్రం మర్దనం వద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రెండవసారి ఇంటికి పంపేటప్పుడు, మందు ఏ తేదీ వరకు, మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడు అని చెల్లెలే వైద్యుని అడిగి వ్రాయించుకొన్నది. వంటింటి క్యాలెండరులో ఆరు వారాలు గుర్తు పెట్టి, మాత్ర వేసిన ప్రతిరోజునూ కొట్టివేస్తూ వచ్చింది. పిల్లవాడు ఇప్పుడు బడికి నడిచే వెళుతున్నాడు.