బాక్సైట్‌ వద్దన్న కేంద్రమంత్రి.. అరకులో ఎందుకు ఓడారు? కిషోర్‌ చంద్రదేవ్‌ కథ ఇదీ!

2019 ఎన్నికల్లో అరకు లోక్‌సభ బరిలో ఓ విచిత్రం. టీడీపీ నుంచి తండ్రి వైరిచర్ల కిషోర్‌ చంద్రదేవ్‌.. కాంగ్రెస్‌ నుంచి కూతురు శ్రుతీదేవి. అందరి చూపూ ఈ ఇద్దరి మీదే. తీరా గెలిచింది వైసీపీ అభ్యర్థి గొడ్డేటి మాధవి. తొలిసారి పోటీలోనే దేవ్‌పై 2.24 లక్షల మెజార్టీ! కేంద్రమంత్రిగా చేసిన నేతకు సొంతగడ్డపై ఇంత దెబ్బ ఎలా తగిలింది?

కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన దేవ్‌ 1977లో, 30 ఏళ్లకే పార్వతీపురం ఎంపీ అయ్యారు. 1980, 1984, 2004లో మళ్లీ అక్కడే గెలిచారు. మధ్యలో రాజ్యసభ. నియోజకవర్గాల పునర్విభజనతో అరకు సీటు ఏర్పడ్డాక 2009లో దాని తొలి ఎంపీ కూడా ఆయనే.

పదవుల లిస్టు పక్కనపెడితే, ఆయన పట్టుకున్న మాట ఒక్కటే. గిరిజన ప్రాంతంలో భూమి, అడవి, కొండపై చివరి మాట గిరిజనులదే కావాలి. రాజ్యాంగంలోని 5వ షెడ్యూల్‌ చెప్పేది అదేనని ఆయన వాదన. అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన పార్లమెంటు సంయుక్త కమిటీకి ఆయనే చైర్మన్‌. పోడు భూమిపై హక్కుకు 1980 నాటికే సాగులో ఉండాలని బిల్లులో పెడితే, దాన్ని 2005 డిసెంబర్‌ 13కి మార్చాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. చట్టంలోకి ఆ తేదీయే వచ్చింది.

అసలు పరీక్ష 2011లో గిరిజన వ్యవహారాల మంత్రి అయ్యాక ఎదురైంది. షెడ్యూల్డ్‌ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లోనే సుప్రీంకోర్టు సమత కేసులో తేల్చేసింది. ఆ కేసు పుట్టింది కూడా ఇక్కడే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో. అయినా సర్కారు దారి వెతికింది. లీజులు ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ పేరిట, ఖనిజం మాత్రం ప్రైవేటు రిఫైనరీలకు! వైఎస్‌ హయాంలో ఒప్పందాలు అలాగే కుదిరాయి. 2012 ఏప్రిల్‌లో దేవ్‌ గవర్నర్‌ నరసింహన్‌కు లేఖ రాశారు. 5వ షెడ్యూల్‌ అధికారాలు వాడి ఈ లీజులను రద్దు చేయాలని కోరారు. ఢిల్లీలోనూ కాంగ్రెస్సే, హైదరాబాద్‌లోనూ కాంగ్రెస్సే. అంటే సొంత పార్టీ ప్రభుత్వం చేసిన పనికే అడ్డం తిరిగారన్నమాట. మంత్రి పదవిలో ఉండి ఇంత చేసేవాళ్లు అరుదు.

ఓట్లు మాత్రం రాలేదు. విభజన కోపంలో 2014లో కాంగ్రెస్‌ రాష్ట్రమంతా తుడిచిపెట్టుకుపోయింది. అరకులో దేవ్‌ మూడో స్థానానికి పడిపోయారు.

2015 నవంబర్‌లో చంద్రబాబు ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. బాక్సైట్‌ కోసం 1,212 హెక్టార్ల అటవీ భూమి ఏపీఎండీసీకి! మన్యం భగ్గుమంది. ఊటలు ఎండిపోతాయని, కాఫీ తోటలు పోతాయని గూడేల జనం రోడ్డెక్కారు. సర్కారు వెనక్కి తగ్గి జీవోను పక్కన పెట్టింది కానీ రద్దు చేయలేదు. సరిగ్గా ఆ పార్టీలోకే దేవ్‌ 2019లో వెళ్లారు. బాక్సైట్‌కు ఎదురు నిలిచిన మనిషి జీవో 97 ఇచ్చిన పార్టీ గుర్తుపై ఓటు అడిగితే జనానికి ఏం చెప్పగలరు?

ఎదుటి అభ్యర్థి మాధవి ఎవరో కాదు, బాక్సైట్‌ తవ్వకాలపై పోరాడిన సీపీఐ మాజీ ఎమ్మెల్యే గొడ్డేటి దేముడు కూతురు. అలాగని ఓటమికి బాక్సైట్‌ ఒక్కటే కారణం అనలేం. ఆ ఏడాది వైసీపీ గాలికి 25 ఎంపీ సీట్లలో 22 పోయాయి. పైగా 2014లోనే అరకు ఆ పార్టీ ఖాతాలో పడింది.

జీవో 97ను చివరికి 2019లో జగన్‌ ప్రభుత్వం రద్దు చేసింది. క్రెడిట్‌ కూడా వాళ్లకే పోయింది. దేవ్‌ లేఖ సంగతి ఇప్పుడు మన్యం సభల్లో పెద్దగా ఎవరూ ఎత్తరు. పోడు పట్టాకు దరఖాస్తు పెట్టుకున్న గిరిజన రైతును మాత్రం అధికారులు ఈరోజుకీ అడిగేది ఒకటే.. 2005 డిసెంబర్‌ 13కి ముందు నుంచే సాగులో ఉన్నావా?