గొణిగితే గొణగనివ్వండి

"నోరు మూసుకుని చదువు!" ఈ మాట అనని తల్లి మనలో ఉందా? నేనూ అన్నాను. ఇప్పుడు దాని మీదే నా పోట్లాట.

మాది డోంగ్లి. మహారాష్ట్ర పక్కనే కదా, మా ఇంట్లో మరాఠీ, బడిలో లెక్కలు ఇంగ్లీషులో. మా చిన్నోడు తీసివేతలు చేస్తూ మరాఠీలో గొణుగుతాడు: పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చా, ఇప్పుడు పదమూడు... ట్యూషన్‌లో అందుకే దెబ్బ పడింది. ఆ రోజు నుంచి నోరూ విప్పడు, లెక్కా తేలదు.

ఆ గొణుగుడు చెడ్డ అలవాటు కాదమ్మా. అది పసితనం, పెరిగితే పోతుందని 1923లో పియాజే రాశాడు. రష్యాలో వైగోత్‌స్కీ ఒప్పుకోలేదు. "ముందు ఇది, తర్వాత అది" అని పెద్దలు చెప్పేదాన్నే పిల్లలు తమకు తాము చెప్పుకుంటారు, మెల్లగా అదే లోపలి ఆలోచన అవుతుంది అన్నాడు. బొమ్మలు వేసే పిల్లలకు కావలసిన పెన్సిలో కాగితమో దొరక్కుండా చేసి చూస్తే గొణుగుడు దాదాపు రెట్టింపైంది. కష్టమొస్తేనే ఎక్కువవుతుందన్నమాట! (ముగ్గు చుక్కలు తప్పినప్పుడు మనం పైకి లెక్కపెట్టుకోమా?)

"పక్కన కూర్చుంటేగానీ చదవడు" అని వాపోతాం. తనకు తాను చెప్పుకునే నోరు మనమే మూయించి, ఆ మాటలు మనమే పక్కన కూర్చుని చెబుతుంటే ఇక వాడెప్పుడు నేర్చుకోవాలి? పక్కపిల్లలకు ఇబ్బందంటే మెల్లగా అనమనండి. మానెయ్యమనకండి.

మొన్న వాడి పక్కనే కూర్చుని పాల లెక్క పైకే గొణుక్కున్నాను, కావాలనే. కాసేపటికి వాడి పెదాలు కదిలాయి. మరాఠీలోనే.