అమ్మకు చెప్పి రమ్మన్న పంతులుగారు

సెప్టెంబరు 5వ తేదీన ఉపాధ్యాయులకు శాలువలు కప్పి పూలదండలు వేయుట 1962 నుండి మనకు ఆచారమైనది. తప్పులేదు. కాని శాలువ కప్పిన మరునాడు బడిలో జరిగిన పాఠము తన బిడ్డకు ఎంతవరకు ఎక్కినదని విచారించు తండ్రులు మనలో ఎందరు? ఇబ్రహీంపట్నములో నాకు చదువు చెప్పిన పంతులుగారు జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్నయే నన్ను వేధించుచుండును.

నేను బడిలో చేరినది 1950 ప్రాంతమున. ఇబ్రహీంపట్నము అప్పటికి హైదరాబాదు జిల్లాలోనిది. రంగారెడ్డి జిల్లా 1978లో గాని ఏర్పడలేదు. నిజాము ప్రభుత్వము 1948 సెప్టెంబరులో అంతరించెను. తెలుగు బిడ్డలకు తెలుగులో పాఠములు చెప్పుట నాటి బడులకు ఇంకను కొత్త. మా పంతులుగారు స్వయముగా ఉర్దూ చదువులవారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగా గైకొన్నది. దేశభాష నొకదానిని ఉన్నతవిద్యకు తగినదిగా చేసిన ఆ సాహసము మెచ్చదగినదే. కాని మా పల్లెల పిల్లలకు ఉర్దూ సైతము పరభాషయే కదా!

ఆయన నల్లబల్లపై లెక్క తెలుగులో వ్రాయుచుండగా పెదవులు మాత్రము ఉర్దూలో గొణుగుచుండెడివి. మేము నవ్వెడివారము. ఆయనయు నవ్వి, “రేఖాగణితమంతయు కంఠస్థము చేసి పరీక్ష నెగ్గితినిరా, అర్థమైనది మాత్రము మీకు చెప్పవలసి వచ్చిన తర్వాతనే” అనెడివారు. సెలవులు వచ్చిన హైదరాబాదు పోయి, 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములో కూర్చుండి తెలుగు గ్రంథములు చదివి వచ్చెడివారు. వయసు వచ్చినవాడు మాతృభాషను మరల నేర్చుకొనుటలోని సిగ్గును ఆయన ఎన్నడును దాచుకొనలేదు. ఉర్దూపై ద్వేషమా, లేశమైనను లేదు. ఆ భాషలోని కవిత్వము చదివి, దాని సొగసును తెలుగులో మాకు విప్పి చెప్పునప్పుడు ఆయన ముఖము చూడవలసినదే.

ఆయన పద్ధతి యొకటే. పాఠము ముగిసిన వెంటనే, “ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పి రండి. ఆమె ఏమి అడిగినదో రేపు నాకు చెప్పండి” అనెడివారు. మా తల్లులలో అక్షరము వచ్చినవారు లేరు. పుస్తకములోని మాటలు ఆమె ముందు చెల్లవు. అర్థము కానివాడు రెండవ వాక్యమునకే తడబడును. ఇంతకంటె కఠినమైన పరీక్షను నేను తర్వాత ఏ కళాశాలలోను ఎదుర్కొనలేదు.

నేడు ఆనాటి చిక్కే మరియొక భాష పేర తిరిగి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరము నుండి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. దీనిని నేను నిందింపను. తమ బిడ్డలను ఇంగ్లీషు బడి బస్సెక్కించి, కూలివాని కొడుకునకు తెలుగు చాలునని వేదికలెక్కి ఉపన్యసించు పెద్దమనుష్యుల మాట నాకు రుచింపదు. తెలుగును తప్పనిసరి చేయుచు 2018లో చట్టము వచ్చినది. పాఠ్యపుస్తకములలో ఇంగ్లీషు పుట కెదురుగా తెలుగు పుటయు అచ్చువేసిరి. మంచిదే. ఆ తెలుగు పుటను తెరచి చూచుచున్న వారెవరు? మొన్న మా వీధి బాలిక యొకతె మొక్కలు ఆహారము చేసికొను విధమును ఇంగ్లీషులో గడగడ ఒప్పగించినది. మీ నాయనమ్మకు చెప్పుమంటిని. నోట మాట లేదు. ఆ ముసలమ్మయో, అరువదియేండ్లు పొలములో పైరు పెంచినది!

2024లో ప్రభుత్వము అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచి, బడుల మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులను స్త్రీల చేతికి అప్పగించినది. పేరులోనే అమ్మ ఉన్నది. గోడలకు సున్నము వేయించుటకు తగిన తల్లులు పాఠము వినుటకు తగరా? నెల కొక దినము పిల్లలు ఈ తల్లుల యెదుట తమ పాఠమును తెలుగులో చెప్పవలెనని ఏల నియమింపరాదు? ఖర్చు లేదు. ఉపాధ్యాయునకు కొంత వ్యవధి కావలెను. దానిని నివేదికలు పంపు పనులలో తగ్గించి ఈయవచ్చును. భూవసతి గల మనవారు కమిటీకి కుర్చీలు దానమిచ్చి ఊరకుండక, ఆ దినమున తామును పోయి కూర్చుండిన బాగుండును.

ఒకనాడు పంతులుగారు ఘనపరిమాణపు లెక్కలు చెప్పిరి. కుతుబ్‌షాహీల కాలపు మా పెద్దచెరువునే ఉదాహరణముగా తీసికొని, ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతున్న నీరెంతయని లెక్క కట్టించిరి. నేను ఇంటికి పోయి అమ్మకు చెప్పితిని. ఆమె చాట చేతబట్టుకొనియే విని, “నీళ్లన్ని ఉన్నయి గాని, మన మడికి ఎప్పుడొస్తయో మీ పంతులును అడుగు” అన్నది. మరునాడు భయపడుచునే ఆ మాట చెప్పితిని. పంతులుగారు నవ్వలేదు. సుద్దముక్క బల్లపై పెట్టి, తరగతి తరగతిని చెరువుకట్ట మీదికి నడిపించుకొని పోయి, తూము కడ నున్న నీరడిని పిలిచి, “అయ్యా, ఈ పిల్లవాని తల్లి ఒక ప్రశ్న అడిగినది; నాకు తెలియదు, నీవు చెప్పవలెను” అనిరి.