దుబాసీ ఎందుకండీ?

"సుమేరియన్లు మన తెలుగువాళ్ళే" అని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని ఓ చిన్న ముద్ర గుర్తొస్తుంది. నాలుగు వేల ఏళ్ళు పైబడిన అక్కడియన్ ముద్ర అది. సొంతదారు షు-ఇలిషు, మెలుహ్హ భాషకు దుబాసీ. మెలుహ్హ అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల మాట. ఇద్దరిదీ ఒకే భాషైతే మధ్యలో దుబాసీ ఎందుకండీ?

ఊర్ సమాధుల్లో సింధు పనితనపు కార్నీలియన్ పూసలు దొరికాయి. మెలుహ్హ ఓడలు అగాదె రేవులో ఆగాయని సార్గోన్ చెప్పుకున్నాడు. అది బేరం, చుట్టరికం కాదు. నాలుగు మాటలు ఒకేలా వినబడితే వంశవృక్షం గీసేస్తామా? సముద్రం దాటి, పరాయివాడి భాష నేర్చుకుని మరీ బేరమాడటం చిన్న ఘనతా? అందర్నీ మనవాళ్ళని చేసేసుకుంటే ఆ కష్టమంతా గంగపాలే. ముందు ఆ దుబాసీకి జవాబు చెప్పండి, తర్వాత తాతల సంగతి చూద్దాం.