ఇల్లు కొనేవారు గోడలు కూడా చూడాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో బజారు వీధుల్లోని పాత మిద్దెలు చేతులు మారేముందే రూపు మారిపోవడం మామూలయింది. వీధి వైపు గోడ తీసి షట్టరు బిగిస్తారు. రెండు గదులు కలిపి హాలు చేస్తారు, వీలైతే పైన ఇంకో అంతస్తు లేపుతారు. మట్టితో కట్టిన రాతిగోడల ఇంట్లో పైకప్పు బరువు మోసేది ఆ గోడే. దాన్ని తొలగించి ఇనుప గర్డరు ఆనించి సున్నం కొడితే చూడముచ్చటగానే వుంటుంది. గర్డరు చాలినదో లేదో కొన్నవారికి తెలిసేది పగుళ్ళు కనబడ్డ తరువాతే.

కొనేవారు అడిగేది దస్తావేజులు, ఇ.సి., పన్ను రసీదు. ఇ.సి.లో తాకట్లు, అమ్మకాలు వుంటాయి గాని తీసేసిన గోడ వుండదు. అనుమతి లేని గదికీ మునిసిపాలిటీ పన్ను వేస్తుంది. ఆ రసీదు ప్లాను మంజూరు కిందికి రాదు. 2007, 2015, 2019లలో వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలను చూపి, మళ్ళీ ఒకటి రాకపోతుందా అని ధైర్యం చెప్పే మధ్యవర్తులూ వున్నారు. జరిమానా కడితే దూలానికి బలం వస్తుందా?

తనకు తెలిసిన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటోంది. కాని మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టగల లోపానికి అది వర్తించదు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఇంటిని మంజూరైన ప్లానుతో సరిపోల్చుకోవాలి. ఇంజనీరుకు చూపించి, జరిగిన మార్పులన్నీ అగ్రిమెంటులో రాయించుకోవాలి. ప్లాను నకలు కోరినవారిని మునిసిపల్ సిబ్బంది తిప్పుకోరాదు. చాలా పాత ఇళ్ళకు అసలు ప్లానే వుండకపోవచ్చు. అక్కడ ఇంజనీరు రాసి ఇచ్చే నివేదికే ఆధారం.